ఎదిగే పిల్లల వెన్ను పక్కకి వంగితే...

మీ ఇంట్లో పదేళ్ళకీ పదిహేనేళ్ళకీ మధ్య వయసున్న ఆడపిల్ల వుందా? ఆ పిల్ల వీపుని మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? చాలామంది తల్లులకి గుర్తుండదు. ఏడెనిమిదేళ్ళ దాకా నలుగు పెట్టి తలంటి పోసిన తల్లికి పిల్ల ఒంటిమీద ఏ పుట్టుమచ్చ ఎక్కడ వుందో తెలుసు. పదకొండో ఏడు వచ్చేసరికి పిల్ల తలుపు వేసుకుని తనే స్నానం చేస్తుంది. ఆ పైన చున్నీయో ఓణీయో వీపుని కప్పేస్తుంది. ఇది సహజమే. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాని, వెన్నెముక పక్కకి వంగే జబ్బు ఎక్కువగా పెరిగేది సరిగ్గా ఆ వయసులోనే.

ఈ జబ్బు వచ్చిన పిల్లకి జ్వరం రాదు. సాధారణంగా నొప్పీ వుండదు. ఆడుతూ పాడుతూ బడికి వెడుతూనే వుంటుంది. అందుకని ఎవరికీ అనుమానం రాదు. ఏ పండక్కో కొత్త జాకెట్టు కుట్టించబోతే, కొలత తీసే టైలరు “అమ్మాయికి ఒక భుజం కిందికి వుందండీ” అంటాడు. అప్పటికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోయి వుంటాయి. ఈ జబ్బులో పోగొట్టుకోకూడనిది ఆ కాలమే. ఎందుకంటే పిల్ల ఎదుగుతున్నంత కాలమే వంకర పెరగకుండా ఆపే అవకాశం బాగా వుంటుంది.

డాక్టర్లు దీన్ని స్కోలియోసిస్ అంటారు. వంకర అనే అర్థం వున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. మనవాళ్ళు వీపులో ఏ వంకర కనిపించినా గూని అనేస్తారు. గూనిలో వీపు ముందుకి వంగుతుంది. స్కోలియోసిస్‌లో వెన్ను కుడికో ఎడమకో వంగుతుంది.

వెన్నెముకలో ఏం జరుగుతుంది?

మన వెన్నెముక ఒకే ఎముక కాదు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు వుంటాయి. వాటి కింద ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన త్రికం, ముడ్డిపూస వుంటాయి. మనిషిని పక్కనుంచి చూస్తే వెన్నులో సహజమైన వంపులు కనిపిస్తాయి. అవి వుండవలసినవే. వెనకనుంచి చూస్తే మాత్రం వెన్ను దారం పట్టినట్లు తిన్నగా వుండాలి.

స్కోలియోసిస్‌లో ఆ గీత ఇంగ్లీషు అక్షరం ‘సి’ లాగానో ‘ఎస్’ లాగానో వంగుతుంది. అంతటితో ఆగదు. తడిగుడ్డని పిండేటప్పుడు మెలి తిరిగినట్లు, పూసలు తమ చుట్టూ తాము కొంచెం తిరుగుతాయి. ఛాతీ పూసలకి పక్కటెముకలు అతికి వుంటాయి కదా! పూస తిరిగితే పక్కటెముక కూడా తిరుగుతుంది. అందుకే ఒక వైపు వీపు ఉబ్బెత్తుగా పైకి లేస్తుంది. ఈ మెలి సంగతి గుర్తుంచుకోండి. పక్కకి వంగిన కర్రని రెండో పక్కకి వంచి సరిచేసినట్లు దీన్ని సరిచెయ్యడం ఎందుకు కుదరదో దీనివల్లే అర్థమవుతుంది.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంకర 10 డిగ్రీలు, అంతకు మించి వుంటేనే స్కోలియోసిస్ అంటారు. ఈ కోణం కొలిచే పద్ధతిని 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు వివరించాడు. ఈనాటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతున్నారు. మీ చేతికొచ్చే రిపోర్టులో ‘కాబ్ కోణం’ అని వుండేది అదే.

పది నుంచి పదహారేళ్ళ పిల్లలు వందమందిని తీసుకుంటే ఇద్దరు ముగ్గురిలో ఇది వుంటుంది. చిన్న వంకరలు ఆడపిల్లలకీ మగపిల్లలకీ దాదాపు సమానంగానే వస్తాయి. 30 డిగ్రీలు దాటిన పెద్ద వంకరలు మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ.

ఎవరి తప్పూ కాదు

“బడిసంచీ బరువు వల్ల వచ్చిందా?” “ఒక పక్కకే తిరిగి పడుకుంటుందండీ, అందువల్లనా?” “చెల్లెల్ని ఎప్పుడూ ఆ చంకనే వేసుకుని తిరిగేది.” “నేను కడుపుతో వున్నప్పుడు గ్రహణం చూశాను.” తల్లులు ఇలాంటివన్నీ అడుగుతారు. వీటిలో ఏదీ స్కోలియోసిస్‌కి కారణం కాదు. బరువు సంచీ వల్ల భుజం నొప్పి రావచ్చు. పూస మెలి తిరగదు. పిల్లని “నిటారుగా కూచోమని ఎన్నిసార్లు చెప్పినా విన్నావా?” అని తిట్టడం అన్యాయం. వంకరగా కూర్చోవడం వల్ల పిల్లకి ఈ జబ్బు రాలేదు.

వందలో 80 మందికి కారణం ఇదీ అని చెప్పలేము. కుటుంబంలో ఒకరికి వుంటే మిగిలినవాళ్ళకి వచ్చే అవకాశం మాత్రం ఎక్కువ. కనుక పెద్దమ్మాయికి వుంటే చిన్నమ్మాయిని, తమ్ముణ్ణి కూడా పరీక్ష చేయించాలి. మిగిలిన 20 మందిలో కొందరికి పుట్టుకతోనే పూసలు సరిగా ఏర్పడవు. కొందరికి పోలియో, మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే పక్షవాతం, కండరాల క్షీణత వంటి జబ్బుల వల్ల వెన్నుని నిలబెట్టే కండరాలు బలహీనపడతాయి.

రెండు కాళ్ళ పొడవులో తేడా వున్నా వెన్ను వంకరగా కనిపిస్తుంది. అలాంటి పిల్లని కుర్చీలో కూర్చోబెడితే వెన్ను తిన్నగా అయిపోతుంది. అది అసలైన స్కోలియోసిస్ కాదు. యాభై, అరవై దాటిన పెద్దవాళ్ళకి డిస్కులు అరిగి వెన్ను పక్కకి వాలుతుంది. అందులో నొప్పి ముఖ్యం. ఈ వ్యాసం ముఖ్యంగా ఎదిగే పిల్లల గురించి.

ఇంట్లో ఇలా చూడండి

దీనికి ఒక తేలిక పరీక్ష వుంది. 1865లో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని వివరించాడు. ఖర్చు లేదు, పట్టేది రెండు నిమిషాలు.

తల్లి గాని, అక్క గాని, పిన్ని గాని, పిల్లకి చనువున్నవాళ్ళు ఎవరైనా చెయ్యవచ్చు. ఎందుకు చూస్తున్నారో ముందే చెప్పండి. వీపు కనిపించేటట్లు పల్చని బనీను వేసుకోమనండి. వెలుతురున్న గదిలో పాదాలు దగ్గరగా పెట్టి నిలబెట్టండి. వెనకనుంచి ఈ సంగతులు గమనించండి:

రెండు భుజాలు ఒకే ఎత్తులో వున్నాయా?

రెండు రెక్క ఎముకలు సమానంగా వున్నాయా, ఒకటి బయటికి పొడుచుకు వచ్చిందా?

చేతులు వేలాడేసినప్పుడు నడుముకీ చేతికీ మధ్య ఖాళీ రెండు పక్కలా ఒకేలా వుందా?

పరికిణీ కట్టుకున్నప్పుడు అంచు ఒక వైపు ఎత్తుగా వుంటోందా?

ఇప్పుడు మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులూ దగ్గరగా చేర్చి, నేలని అందుకోబోతున్నట్లు ముందుకి వంగమనండి. మీరు వెనక కూర్చుని వీపు మట్టంగా వుందో లేదో చూడండి. వెన్ను గీతకి ఒక వైపు వీపు గాని, నడుము గాని రెండో వైపు కంటే ఎత్తుగా లేచి కనిపిస్తే డాక్టరుకి చూపించాలి. పదో ఏట మొదలుపెట్టి పదిహేను దాకా ఆరు నెలలకి ఒకసారి ఇలా చూస్తే చాలు. పుట్టినరోజు, ఆ తరవాత ఆరో నెల అని పెట్టుకుంటే మరిచిపోరు.

ఆడపిల్లలకి 10, 12 ఏళ్ళ వయసులో, మగపిల్లలకి 13 లేక 14 ఏళ్ళకి ఒకసారి ఈ పరీక్ష చేయించమని అమెరికాలోని ఎముకల వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. ఆరోగ్యంగా కనిపించే పిల్లలందరికీ ఈ పరీక్ష చెయ్యాలా వద్దా అని తేల్చడానికి తగిన ఆధారాలు లేవని 2018లో అక్కడి నిపుణుల సంఘం ఒకటి అన్నది. అందరికీ పరీక్ష పెడితే అక్కర్లేని ఎక్స్‌రేలు ఎక్కువవుతాయన్న భయం వుంది. ఇంట్లో కళ్ళతో చూడటానికి ఆ భయం లేదు. భుజం కాస్త ఎత్తుగా వుందని కంగారు కూడా పడకండి. ఎవరి శరీరమూ రెండు వైపులా అచ్చు గుద్దినట్లు వుండదు.

కొన్ని లక్షణాలు వుంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. రాత్రి నిద్ర లేపే నొప్పి, కాళ్ళలో తిమ్మిరి, నడకలో బలహీనత, మూత్రం ఆపుకోలేకపోవడం, పదేళ్ళలోపే వంకర కనిపించడం వంటివి వుంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. సన్నని జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో నొప్పి కలిసి వుంటే వెన్నుకి క్షయ సోకిందేమో చూడాలి. మన దేశంలో ఈ జబ్బు అరుదు కాదు. మందులతో నయమవుతుంది.

రెండు విషయాలు తెలియాలి

డాక్టరు ఎక్స్‌రే తీయిస్తారు. దాంతో రెండు విషయాలు తేలాలి. ఒకటి: వంకర ఎన్ని డిగ్రీలు? రెండు: పిల్ల ఇంకా ఎంత ఎదగాలి? మనవాళ్ళు మొదటిది అడుగుతారు, రెండోది అడగడం మరిచిపోతారు. నిజానికి రెండోది కూడా అంత ముఖ్యం.

ఎదుగుదల ఎంత మిగిలి వుందో తుంటి ఎముక అంచు చూసి అంచనా వేస్తారు. దీన్ని రిస్సర్ గుర్తు అంటారు. 0 నుంచి 5 దాకా అంకెలు వుంటాయి. 0 అంటే ఎదుగుదల చాలా మిగిలి వుంది. 5 అంటే పూర్తయింది. ఆడపిల్లలు బాగా పొడుగు సాగేది రజస్వల కావడానికి కాస్త ముందు. అయిన రెండేళ్ళకి ఎదుగుదల చాలావరకు ఆగుతుంది. అందుకే డాక్టరు “ఎప్పుడు పెద్దమనిషయింది?” అని అడుగుతారు. సిగ్గుపడకుండా సరిగ్గా చెప్పండి.

1984లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశీలన ఈ సంగతిని స్పష్టం చేసింది. 20 నుంచి 29 డిగ్రీల వంకర వుండి, ఎదుగుదల ఇంకా మిగిలి వున్న పిల్లల్లో వందకి 68 మందికి వంకర పెరిగింది. అదే వంకర వుండి ఎదుగుదల ముగింపుకి వచ్చినవాళ్ళలో 23 మందికే పెరిగింది. వంకర 20 లోపు వుండి, ఎదుగుదల ముగింపుకి వచ్చినవాళ్ళలో వందకి ఇద్దరికి కూడా పెరగలేదు.

వైద్యం కూడా ఈ లెక్క ప్రకారమే. 25 డిగ్రీల లోపు వుంటే నాలుగు నుంచి ఆరు నెలలకి ఒకసారి చూస్తూ వుంటారు. 25 నుంచి 40 మధ్య వుండి, పిల్ల ఇంకా ఎదుగుతూ వుంటే బ్రేస్ వేస్తారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. ఎదుగుదల ఆగేసరికి 30 లోపు వున్న వంకర తరవాత సాధారణంగా పెరగదు. 50 దాటిన వంకర పెద్దయ్యాక కూడా ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చు.

ఎక్స్‌రేల గురించి ఒక మాట. ఎదిగే ఆడపిల్ల కనుక వెనకనుంచి కిరణాలు పంపి తీయమని అడగండి. ఛాతీకి తగిలే కిరణాలు తగ్గుతాయి. పాత ఎక్స్‌రేలన్నీ తేదీలతో దాచుకోండి. ఒకదానితో ఒకటి పోల్చి చూస్తేనే వంకర పెరిగిందో లేదో తెలుస్తుంది.

మొక్కగా వున్నప్పుడే

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు అన్నారు. పెరట్లో వంగిపోతున్న మొక్కకి కర్ర పాతి కట్టడం మనం చేసే పనే. ఎదిగే పిల్లకి బ్రేస్ అటువంటిది. ఉన్న వంకరని పూర్తిగా తియ్యడం దాని పని కాదు. ఎదుగుదల ముగిసేదాకా వంకర పెరగకుండా ఆపడం దాని పని.

1940ల్లో అమెరికాలోని మిల్వాకీలో తయారైన బ్రేస్ గడ్డం దాకా ఇనపచట్రంతో వుండేది. ఇప్పటివి పల్చని ప్లాస్టిక్‌తో పిల్ల ఒంటి కొలతకి చేస్తారు. చాలావరకు చంక కిందే ముగుస్తాయి. పైన యూనిఫారం వేసుకుంటే అంతగా కనిపించవు. మందుల షాపులో అమ్మే నడుం బెల్టులు, భుజాలు వెనక్కి లాగే పట్టీలు ఈ పని చెయ్యవు. వాటికి డబ్బు తగలెయ్యకండి.

బ్రేస్ పనిచేస్తుందా లేదా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2013లో అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాక ఆ వాదం చాలావరకు ముగిసింది. 20 నుంచి 40 డిగ్రీల వంకర వున్న 10–15 ఏళ్ళ పిల్లల్ని చూశారు. బ్రేస్ వేసుకున్నవాళ్ళలో వందకి 72 మంది 50 డిగ్రీలకి చేరకుండానే ఎదుగుదల ముగించారు. బ్రేస్ లేనివాళ్ళలో 48 మందే అలా గట్టెక్కారు. బ్రేస్ లోపల అమర్చిన చిన్న యంత్రం ఎన్ని గంటలు వేసుకున్నారో లెక్క చెప్పింది. రోజుకి 13 గంటలు, ఆ పైన వేసుకున్నవాళ్ళలో వందకి 90 మంది గట్టెక్కారు. ఆరు గంటల లోపు వేసుకున్నవాళ్ళకి, అసలు వేసుకోనివాళ్ళకి మల్లేనే అయింది. బీరువాలో దాచిన బ్రేస్ వల్ల ఏ లాభమూ లేదన్నమాట.

మన ఎండల్లో అది వేసుకోవడం కష్టమే. లోపల ముడతలు లేని నూలు బనీను వేసి, చెమట పట్టినప్పుడల్లా మార్చండి. చర్మం ఎర్రబడి, తీసిన తరవాత కూడా ఆ ఎరుపు తగ్గకపోతే బ్రేస్ చేసినవాళ్ళకి చూపించి సరిచేయించండి. ఆటలప్పుడు తీసెయ్యవచ్చేమో డాక్టర్ని అడగండి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళేటప్పుడు “ఎవరైనా చూస్తారు, తీసెయ్యి” అని మాత్రం మీరే అనకండి. తల్లి సిగ్గుపడుతున్నదని తెలిస్తే పిల్ల అది మళ్ళీ వేసుకోదు.

చేతి వైద్యంతో వంకర తీరుతుందా?

భాగవతంలో కుబ్జ కథ మనకి తెలిసినదే. మూడు వంకరల ఆమె పాదాలని శ్రీకృష్ణుడు తన పాదంతో నొక్కిపట్టి, గడ్డం కింద వేళ్ళు ఆనించి పైకెత్తగానే ఆమె నిటారుగా నిలిచింది. పిల్లకి వెన్ను వంకర అని తెలిసిన ప్రతి తల్లీ తండ్రీ అలాంటి చెయ్యి ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు. మాలిష్ చేయిస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళచేత నడుం తొక్కిస్తారు. పుత్తూరు కట్టు కట్టిస్తే పోతుందని ఎవరో చెబుతారు. పుత్తూరుకి పేరు వచ్చింది విరిగిన ఎముకలకి కట్టు కట్టడంలో. స్కోలియోసిస్‌లో ఏ ఎముకా విరగలేదు.

ఈ మధ్య వీటికి కైరోప్రాక్టిక్ తోడయింది. వెన్ను మీద చేత్తో ఒక్కసారి నొక్కగానే ‘టక్’మని చప్పుడు రావడం, పడుకున్న మనిషి నవ్వుతూ లేవడం మీరు కూడా ఫోన్‌లో చూసే వుంటారు. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనే వూళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ ఈ పద్ధతిని ప్రారంభించాడు. చెయ్యి, చెయ్యడం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. పూసలు స్థానం తప్పడమే చాలా జబ్బులకి మూలమని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఈనాటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అయినా అమెరికాలో ఈ వృత్తికి కాలేజీలున్నాయి, అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సు కావాలి. అక్కడ వుంటున్న మన పిల్లలు, మనవలు నడుం నొప్పికి వాళ్ళ దగ్గరికి వెళ్ళడం మామూలే.

ఆ ‘టక్’ చప్పుడు పూస తన చోటికి వచ్చిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ వల్ల వచ్చేది. మనం వేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చేది కూడా అదే. నడుం నొప్పికి ఈ పద్ధతి కొంతమందికి కొంత ఉపశమనం ఇస్తుంది. వెన్ను వంకర వున్న పెద్దవాళ్ళకి కూడా కండరాల బిగువు, నొప్పి కొంత తగ్గవచ్చు. అంతవరకు దాన్ని కాదనక్కర్లేదు. కాని ఎదిగే పిల్ల వంకరని అది తగ్గిస్తుందనిగాని, పెరగకుండా ఆపుతుందనిగాని నమ్మదగిన పరిశోధన లేదు. కొద్దిమంది రోగుల కథలు, చిన్న చిన్న ప్రయత్నాలు తప్ప బ్రేస్‌కి వున్నంత ఆధారం దీనికి లేదు.

“మరి ఫలానా వాళ్ళమ్మాయికి తగ్గిందన్నారే!” అని మీరు అడగవచ్చు. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. రెండు సంగతులు ఆలోచించండి. పైన చెప్పిన పరిశోధనలో బ్రేస్ లేకుండానే వందకి 48 మంది గట్టెక్కారు కదా? ఆ 48 మందిలో ఎవరైనా ఆ ఏడాది మాలిష్ చేయించుకుని వుంటే, మాలిష్ వల్లే తగ్గిందని ఊరంతా చెప్పేవారు. ఇక రెండోది. ఒకే ఎక్స్‌రేని ఇద్దరు డాక్టర్లు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. పిల్ల నిలబడిన తీరు బట్టి కూడా మారుతుంది. కనుక 22 నుంచి 18కి ‘తగ్గింది’ అని ఎవరైనా చూపిస్తే, అది కొలతలో తేడా కావచ్చు.

పిల్ల వెన్నుని నేర్పున్నవాళ్ళు సున్నితంగా నొక్కితే సాధారణంగా ఒకటి రెండు రోజుల నొప్పి తప్ప పెద్ద ప్రమాదం జరగదు. అయితే క్షయ, కంతి, ఎముక బలహీనత వున్న వెన్నుని బలంగా నొక్కడం ప్రమాదం. మెడని గబుక్కున తిప్పడం వల్ల అరుదుగా రక్తనాళం చీరి పక్షవాతం వచ్చిన సంఘటనలు వున్నాయి. వీటికంటే ఎక్కువగా జరిగే నష్టం కాలం గడిచిపోవడం. పన్నెండేళ్ళ పిల్లకి 26 డిగ్రీల వంకర వుందనుకోండి. ఆరు నెలల కోర్సుకి డబ్బు కట్టి, ఎక్స్‌రే మాట మరిచిపోతే, ఆ ఆరు నెలల్లో పిల్ల బాగా పొడుగు సాగి వంకర 40కి చేరవచ్చు. బ్రేస్ వెయ్యవలసిన కాలం దాటిపోతుంది. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆ ఆరు నెలలు తిరిగి రావు.

కనుక వెళ్ళదలచుకుంటే ముందు ఎముకల డాక్టరుకి చూపించి, ఎక్స్‌రే తీయించి, ఆ తరవాత వెళ్ళండి. ఇలా అడగండి: మీరు ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారు? ఎక్స్‌రే చూడకుండా చెయ్యి వెయ్యరు కదా? వంకర పెరిగితే ఎన్ని డిగ్రీల దగ్గర మమ్మల్ని ఆసుపత్రికి పంపిస్తారు? మంచి కైరోప్రాక్టరు వీటికి విసుక్కోడు. నొప్పి తగ్గిస్తాను, వ్యాయామాలు నేర్పుతాను, వంకర సంగతి డాక్టరు చూడాలి అంటాడు. “బ్రేస్ తీసి పారెయ్యండి, ఇన్ని సిట్టింగుల్లో తిన్నగా చేస్తాను” అని ఎవరైనా అంటే, అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి.

వ్యాయామం, ఆపరేషన్

జర్మనీలో కాథరీనా ష్రోత్ అనే ఆమెకి చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చింది. ఇనప బ్రేస్ వేసుకుని విసిగిపోయిన ఆమె అద్దంలో తన వీపు చూసుకుంటూ, నొక్కుకుపోయిన వైపుకి గాలి పీల్చి నింపే వ్యాయామాలు కనిపెట్టింది. 1921లో మైసెన్ పట్నంలో ఇతరులకి నేర్పడం మొదలుపెట్టింది. ఇవి కొంత మేలు చేస్తాయని ఈ మధ్య జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇవి నేర్చిన ఫిజియోథెరపిస్టు దొరికితే తప్పక నేర్పించండి. బ్రేస్‌కి ఇవి తోడు, బదులు కాదు. యోగాసనాలు, ఈత, ఆటలు మాన్పించవద్దు. వాటితో వంకర పోదు, ఒళ్ళు గట్టిపడుతుంది.

ఆపరేషన్ అనగానే కాళ్ళు పడిపోతాయన్న భయం. అనుభవమున్న చోట, ఆపరేషన్ జరుగుతున్నంత సేపూ యంత్రంతో వెన్నుపాముని కనిపెడుతూ చేస్తారు. నరాలకి దెబ్బ తగలడం వందకి ఒకరి కంటే తక్కువ. 50 దాటిన వంకరని భయంతో వదిలెయ్యడం కూడా మంచిది కాదు. ఛాతీ వంకర మరీ పెరిగిపోతే ఊపిరితిత్తులకి చోటు తగ్గుతుంది.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ఈ సంగతి తెలిస్తే అమ్మాయికి పెళ్ళవుతుందా? పిల్లలు పుడతారా?

ఈ వంకర వున్న స్త్రీలు అందరిలాగే గర్భం ధరిస్తున్నారు, కంటున్నారు. ఆపరేషన్ అయినవాళ్ళు కూడా. కాన్పు సమయంలో వెన్నుకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరుకి మాత్రం ముందే చెప్పాలి. పెళ్ళి కాదేమోనని దాచిపెట్టి, వైద్యం మానిపిస్తే ఆ వంకరే పెరిగి అందరికీ కనపడుతుంది.

కాల్షియం మాత్రలు వేస్తే పోతుందా?

పోదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు ఎదిగే పిల్లలందరికీ మంచివే. వంకరకి మందు కావు.

మా అబ్బాయి పరుగు పందాల్లో వున్నాడు, మాన్పించాలా?

అక్కర్లేదు. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఉసేన్ బోల్ట్‌కి స్కోలియోసిస్ వుంది. ఆ సంగతి అతనే చెప్పాడు.

ఎవరికి చూపించాలి?

ముందు మీ ఊళ్ళో ఎముకల డాక్టరుకి. అవసరమైతే ఆయన వెన్నెముక నిపుణులున్న పెద్దాసుపత్రికి పంపిస్తారు. ప్రభుత్వ బోధనాసుపత్రుల ఎముకల విభాగాల్లోనూ చూస్తారు. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, పిల్ల ఎత్తు రాసుకున్న కాగితం పట్టుకెళ్ళండి. గోడమీద మూడు నెలలకి ఒకసారి పిల్ల ఎత్తు గీత గీసి తేదీ వెయ్యండి. ఎదుగుదల ఎప్పుడు జోరందుకుందో, ఎప్పుడు తగ్గిందో ఆ గీతలు చూసి డాక్టరు కూడా తెలుసుకుంటారు.